ఎర్ర సిరాలో ఒక సోమవారం
(ఆంగ్ల అధ్యాపకురాలు శ్రీమతి గౌస్‌బీ గారి పదవీ విరమణ సందర్భంగా)

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం ఆగస్టు అయిదో తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, శ్రీమతి గౌస్‌బీ గారు తనకల్లులోని జూనియర్ కళాశాలలో ఆంగ్ల అధ్యాపకురాలిగా తొలి సంతకం చేశారు. అప్పటికి వారికి ఇరవై ఎనిమిదేళ్లు. తండ్రి జమాల్ సాబ్ కదిరి చుట్టుపక్కల పల్లెల్లో దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన శ్రమజీవి. సెలవు దినాలలో ఆయన పక్కనే కూర్చుని పెద్ద సూదితో పరుపుల అంచులు కుట్టిన కుమార్తె, ఆ చేతులతోనే పుస్తకం పట్టి, అనంతపురం వెళ్లి, ఆంగ్ల సాహిత్యంలో స్నాతకోత్తర పట్టా పుచ్చుకున్నారు. ఆ ఇంట పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. ఈ జూన్ ముప్పయ్యో తేదీన, ముప్పై నాలుగేళ్లకు ఒక్క నెల తక్కువైన సేవను ముగించుకుని, మా నల్లగుట్టపల్లె కళాశాల నుంచి సెలవు తీసుకుంటున్నారు.

ఇటువంటి సంచికలలో పదవీ విరమణ చేసే ప్రతి ఒక్కరూ మృదుభాషులు, స్నేహశీలురు, అజాతశత్రువులు అయిపోతుంటారు. ఈ వ్యాసానికీ సంపాదక వర్గం నుంచి అటువంటి సూచనే అందింది: మంచి మాటలే రాయండి, పాత సంగతులు ఎత్తవద్దు అని. ఆ సూచనను ఈ వ్యాసకర్త, అనగా ఇదే కళాశాలలో పౌరశాస్త్రం బోధించే ఓబుళేసు, సవినయంగా పక్కన పెడుతున్నాడు. గౌస్‌బీ గారు మృదుభాషి కారు. వారి గొంతు రెండు గదుల అవతలికి వినిపిస్తుంది. వారికి కోపం ఎక్కువ. పదహారేళ్లు వారితో కలిసి పనిచేసిన మీదట చెప్పగలిగింది ఏమంటే, ఆ కోపానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: జరగని దానిని జరిగిందని రాయడం.

తనకల్లులో చేరిన మొదటి నెలలోనే ఆ కోపం పిల్లలకు పరిచయమయింది. గతకాలపు క్రియలు అభ్యాసం చేయించే నిమిత్తం, నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాసుకురమ్మని ఇంటర్ రెండో సంవత్సరం వారికి చెప్పారు. మరునాడు నలభై ఆరు నోటుపుస్తకాలు వచ్చాయి. నలభై ఆరింటిలోనూ మొదటి వాక్యం ఒకటే: నిన్న నేనొక యాపిల్ పండు తిన్నాను. రెండో వాక్యంలో అందరూ కట్టగట్టుకుని జంతుప్రదర్శనశాలకు వెళ్లారు. వరుసగా వానలు తప్పి, శనక్కాయ చేలు ఎండిపోయిన ఏడాది అది. నిన్న యాపిల్ తిన్నవాళ్లు చెయ్యెత్తమని ఆమె అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. తినకుండా తిన్నామని ఎందుకు రాశారని గద్దిస్తే, వెనుక వరుసలోంచి దాసప్ప అనే విద్యార్థి లేచి, "గైడులో అట్లే ఉండాది మేడం," అన్నాడు.

ఆ పూటే గైడ్లన్నీ బీరువాలోకి వెళ్లాయి. ఏడాది చివర గానీ బయటికి రాలేదు. నిన్న ఏం తింటే అదే రాయండి, ఏమీ తినకుంటే అదే రాయండి అని ఆమె చెప్పారు. గంట కొట్టేలోగా దాసప్ప రాసింది ఒకే ఒక్క వాక్యం: నిన్న మధ్యాహ్నం నేనేమీ తినలేదు. గౌస్‌బీ గారు అందులోని క్రియను దిద్ది, సంతకం పెట్టి, అన్నం వేళకు తన గదికి రమ్మన్నారు. మరునాటి నుంచి వారి క్యారియర్‌లో ఒక గిన్నె పెరిగింది. తరగతిలో మాత్రం అందరూ వినేటట్లు, రేపు కూడా ఇదే వాక్యం రాసుకువస్తే ఊరుకోనని కేకలేశారు. ఇప్పుడు కదిరిలో ఉపాధ్యాయులుగా ఉన్న దాసప్ప గారే ఈ సంగతి ఫోనులో చెప్పి, ఇందులో రాయమన్నారు.

ఆ నాటి నుంచి రోజుకు అయిదు వాక్యాల నియమం ఏర్పడింది. అయిదూ నిన్నటివి కావాలి, అయిదూ నిజమైనవి కావాలి, పైన తేదీ ఉండాలి. ఒకటి జరిగిపోయిన పని, ఒకటి జరుగుతూ ఉండిన పని, ఒకటి మరో పనికి ముందే జరిగిపోయిన పని, ఒకటి చాలాకాలంగా జరుగుతూ వచ్చిన పని, చివరిది వారి ఇష్టం. వీటిలో మూడోది, ఇంగ్లీషువారు పాస్ట్ పర్ఫెక్ట్ అనేది, మన పిల్లలకు పట్టుబడదనీ, తెలుగులో అటువంటి రూపమే లేదనీ శిక్షణ తరగతుల్లో పెద్దలు సెలవిచ్చేవారు. ఆ మాట వింటే గౌస్‌బీ గారికి ఒళ్లు మండేది. తరగతికి వచ్చి పిల్లలను అడిగేవారు:

"మీరు స్టాండుకు పోయేపాటికి బస్సు పోయిండె అంటారా, అనరా? ఆ పోయిండెనే ఇంగ్లీషులో హ్యాడ్ గాన్. మీ అవ్వ దినామూ పాస్ట్ పర్ఫెక్టే మాట్లాడతాంది. మీకే తెలీదు."

రెండు పనులు జరిగినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నది తేల్చి చెప్పడానికే ఆ చిన్న హ్యాడ్ ఉన్నదని, అది తప్పితే అర్థమే తలకిందులవుతుందని వారు పదేపదే చెప్పేవారు. మేము సిబ్బంది గదిలో కూర్చుని, ఒక్క క్రియ కోసం ఇంత గొంతు చించుకోవడం దేనికని నవ్వుకునేవాళ్లం.

తనకల్లు తరువాత మరి రెండు చోట్ల పనిచేసి, రెండు వేల నాలుగులో వారు మా కళాశాలకు వచ్చారు. భర్త షఫీవుల్లా గారికి కళ్యాణదుర్గంలో గడియారాలు బాగుచేసే అంగడి ఉండేది. కుమార్తె సమీనా అక్కడే చదువుకునేది. ఉదయం షేర్ ఆటోలో ముప్పావుగంట ప్రయాణం, సాయంత్రం అయిదు గంటల బస్సు. చేతిసంచి నిండా నోటుపుస్తకాలు, సంచి జేబులో ఎర్ర సిరా కలం లేకుండా వారిని మేము చూసింది లేదు. ఏటా నూట ఇరవై మంది పిల్లలు, రోజుకు ఆరువందల వాక్యాలు. ఇంత చాకిరీ ఎవరూ చేయమనలేదు, చేసినందుకు ఎవరూ ఒక్క ప్రశంసాపత్రం ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక సంపాదక వర్గం వద్దన్న సంగతికి వస్తాను.

రెండు వేల పదహారులో మా మండలంలో శనక్కాయ పంట పూత మీదే మాడిపోయింది. డిసెంబరు నాటికి మా ఊరి బాలికల వసతిగృహంలో బోరు ఎండింది. వారానికి రెండు ట్యాంకర్లు వచ్చి నేలతొట్టిలో నీళ్లు పోసి వెళ్లేవి. ఆ తొట్టిని కడిగించి ఎన్నాళ్లయిందో చెప్పగలవారు లేరు. నీళ్లు వాసన వస్తున్నాయని పిల్లలు వార్డెన్ గారికి రెండుసార్లు మొరపెట్టుకున్నారు. నీళ్లు దొరకడమే గొప్ప అని మొదటిసారి, ఈ మాట బయట చెప్పిన పిల్లను ఇంటికి పంపేస్తానని రెండోసారి జవాబు వచ్చింది. ఆ రెండో జవాబు చెప్పి, డిసెంబరు పదిహేడో తేదీ శనివారం సాయంత్రం, వార్డెన్ గారు సొంత పని మీద ఊరు దాటారు. మంగళవారం దాకా తిరిగి రాలేదు.

ఆ శనివారం ఉదయం, రెండో సంవత్సరం చదివే సునంద తన నోటుపుస్తకం ఇచ్చింది. రెండో వాక్యం ఇట్లా ఉంది: ద వాటర్ వాజ్ స్మెల్లింగ్ వెన్ ఐ డ్రాంక్ ఇట్. నేను తాగినప్పుడు నీళ్లు వాసన వస్తూ ఉండినాయి అని అర్థం. క్రియలు రెండూ చక్కగా కుదిరాయి. గౌస్‌బీ గారు పక్కన ఎర్ర సిరాతో గుడ్ అని రాసి సంతకం పెట్టారు.

సాయంత్రానికి సునందకు వాంతులు, జ్వరం పట్టుకున్నాయి. ఆదివారం ఊళ్లో జాతర. తప్పెట్ల చప్పుడుకు పిల్లలు కొందరు వెళ్లి చూసివచ్చారు. సునంద మాత్రం పడక దిగలేదు. ఆమె గదిలోనే ఉండే ఆరీఫా, బయట చెప్పవద్దన్న బెదిరింపుకు భయపడి, సోమవారం కళాశాలకు వచ్చి కూడా నోరు విప్పలేదు. ఇంటిపని పుస్తకంలో రాసి ఇచ్చింది. జాతర మొదలయ్యేసరికే సునంద జబ్బు పడింది అని రాసింది. క్రియ దగ్గర హ్యాడ్ ఫాలెన్ అని ఉండవలసిన చోట ఉత్త ఫెల్ అని రాసింది.

ఆ మధ్యాహ్నం సిబ్బంది గదిలో గౌస్‌బీ గారికి ఎదురుగా ఈ వ్యాసకర్త టీ తాగుతూ కూర్చున్నాడు. వారు ఆ వాక్యం పైకి చదివి వినిపించి, ఎన్నిసార్లు చెప్పినా ఈ తప్పు పోవడం లేదు చూడప్పా అని విసుక్కున్నారు. ఫెల్ కొట్టేసి, పైన హ్యాడ్ ఫాలెన్ అని రాసి, సంతకం కింద తేదీ వేశారు. వాక్యంలోని తప్పు ఇద్దరికీ కనబడింది. వాక్యంలోని పిల్ల ఇద్దరికీ కనబడలేదు. వారు అయిదు గంటల బస్సుకు వెళ్లిపోయారు. ఈ వ్యాసకర్త టీ గ్లాసు కడిగి బోర్లించి ఇంటికి పోయాడు.

మంగళవారం ఉదయం ఆరీఫా కళాశాల గేటు దగ్గరే ఎదురుచూస్తూ నిలబడి ఉంది. సునంద పిలిస్తే పలకడం లేదని చెప్పింది. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని గౌస్‌బీ గారు కోప్పడ్డారు. ఆ పిల్ల ఏడవలేదు. అర్థం కానట్లు చూసింది.

"చెప్పినా కదా మేడం. రాసిస్తి కదా. మీరు చూసి దిద్దినారు కదా."

గౌస్‌బీ గారు సంచి అక్కడే వదిలేసి వసతిగృహానికి పరుగెత్తారు. సునందను చేతుల మీద మోసుకొచ్చి, ఆటోలో కళ్యాణదుర్గం తీసుకుపోయారు. అక్కడి నుంచి అంబులెన్సులో అనంతపురం. దారి పొడవునా ఆ పిల్ల తల ఆమె ఒడిలోనే ఉంది. బుధవారం తెల్లవారేసరికి సునంద చనిపోయింది. ఆమెకు పదిహేడేళ్లు. అవే నీళ్లు తాగి పడకేసిన మరో నలుగురు పిల్లలు పది రోజులకు కోలుకున్నారు.

విచారణ జరిగింది. అది విచారణ అయితే, పిట్టగోడ మీద సున్నం వేయడం ఇల్లు కట్టడం అవుతుంది. తొట్టి నీళ్లు పరీక్షకు పంపేలోగా తొట్టి కడిగించారు. వార్డెన్ గారు ఆ మూడు రోజులూ ఊళ్లోనే ఉన్నట్లు హాజరుపట్టీలో సంతకాలు కనబడ్డాయి. నివేదికలో మరణ కారణం ఇట్లా రాశారు: జాతరలో విక్రయించిన అపరిశుభ్ర తినుబండారాలను విద్యార్థిని స్వీయ నిర్లక్ష్యంతో భుజించినందున. జాతర ఆదివారం, జబ్బు సోమవారం అని తేల్చారు. ముందు జరిగింది వెనక్కీ, వెనుక జరిగింది ముందుకూ నెట్టేస్తే చాలు, అందరి ఉద్యోగాలూ పదిలంగా ఉంటాయి. తప్పు మాత్రం చచ్చిపోయిన పిల్లది అవుతుంది.

ఆ కూర్పుకు అడ్డం వచ్చినవి రెండు నోటుపుస్తకాలు. శనివారం నాటి సునంద వాక్యం, సోమవారం నాటి ఆరీఫా వాక్యం, రెండింటి కిందా ఎర్ర సిరా సంతకం. గౌస్‌బీ గారు వాటిని తీసుకుపోయి విచారణాధికారి గారి బల్ల మీద పెట్టారు. డిసెంబరు ఇరవై తొమ్మిదో తేదీ, గురువారం, ప్రిన్సిపాల్ గారి గదిలో మేమందరం ఉండగా అధికారి గారు చాలా మర్యాదగా మాట్లాడారు. ఒక్క హ్యాడ్ కోసం ఇంత రాద్ధాంతం వద్దన్నారు. ఇవి వ్యాకరణం నేర్పడానికి ఊహించి రాయించిన వాక్యాలని ఒక్క కాగితం రాసిస్తే అందరికీ మంచిదని, ముఖ్యంగా మేడంకే మంచిదని చెప్పారు.

"చూడండమ్మా, ఇవి నిజమైన వాక్యాలే అంటే, సోమవారం నాడే మీకు తెలుసన్నమాట. తెలిసీ ఊరుకున్నారన్నమాట. ఇంతమంది ఉండగా ఆ మాట మీద పడేది మీ పేరే. ఆలోచించుకోండి."

గౌస్‌బీ గారు లేచి నిలబడ్డారు. ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు.

"ఆలోచించేది ఏమీ లేదు సార్. పిల్ల సోమవారం రాసింది. నేను సోమవారం చదివినా. తప్పు దిద్దినా గాని, పోయి చూడలేదు. శనివారం నీళ్లు వాసనొస్తాండాయని రాస్తే గుడ్ అని పెడ్తి. ఇది గూడా రాసుకోండి. నా పేరు మీదనే రాసుకోండి. జాతరకు ముందే దానికి జబ్బు వచ్చిండె అనేది మాత్రం కొట్టేయద్దండి."

 ఆమె బయటికి వెళ్లిన తరువాత టైపు చేసిన కాగితం ఒకటి మా ముందుకు వచ్చింది. సదరు వాక్యములు వ్యాకరణ అభ్యాసార్థము కల్పించిన ఉదాహరణలే గాని యథార్థ సంఘటనలు కావు అని అందులో ఉంది. పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. ఏడో సంతకం ఈ వ్యాసకర్తది. ఆ వాక్యం దిద్దుతుండగా ఎదురుగా కూర్చుని విన్నవాడు, పౌరుల హక్కులను పిల్లలకు చదివి చెప్పి జీతం తీసుకునేవాడు, పెన్ను అడిగి తీసుకుని మరీ సంతకం పెట్టాడు. అందుకు కారణాలు ఉన్నాయి. అవి ఇక్కడ రాయదగినంతటివి కావు.

పది రోజులు తిరగకుండా శిక్షలు ఖరారయ్యాయి. వార్డెన్ గారికి మౌఖిక హెచ్చరిక. గౌస్‌బీ గారికి విధి నిర్వహణలో నిర్లక్ష్యం కింద రెండు ఇంక్రిమెంట్ల కోత, పరిపాలనా కారణాల రీత్యా జిల్లా అవతలి కొసకు బదిలీ. మొత్తం వ్యవహారంలో తన తప్పు తానే ఒప్పుకున్నది ఒకే ఒక్క మనిషి. నిర్లక్ష్యానికి శిక్ష పడింది ఆ మనిషికే. ఆ ఉత్తర్వును నోటీసు బోర్డు మీద అంటించినప్పుడు చదివి, మేము తరగతులకు పోయాం. వసతిగృహంలో ఉండలేనన్న ఆరీఫాను గౌస్‌బీ గారు కళ్యాణదుర్గంలో తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ పిల్లను మార్చి పరీక్షలకు షఫీవుల్లా గారే దినమూ స్కూటరు మీద తీసుకువచ్చి దింపేవారు.

జనవరిలో సునంద తల్లి తిమ్మక్క, కూతురి పెట్టె తీసుకుపోవడానికి వచ్చింది. ఆమె కూలికి పోయి శనక్కాయలు ఒలిచే మనిషి, చదువు రాదు. బదిలీ కాగితం చేతిలో ఉన్న గౌస్‌బీ గారు ఆమెను చెట్టు నీడకు పిలిచి కూర్చోబెట్టి, నివేదికలో ఏముందో చదివి చెప్పారు. ఆ తరువాత, విచారణాధికారి గారు తిప్పి ఇచ్చేసిన రెండు నోటుపుస్తకాలూ తెరిచి, తాను రాసిన గుడ్ మీద వేలు పెట్టి అదేమిటో కూడా చెప్పారు. తిమ్మక్క ఆ ఎర్ర అక్షరాలను వేలితో తడిమి చూసింది.

"నువ్వు జేసింది గూడా తప్పే మేడమ్మా," అంది. "అయితే నువ్వు చెప్పినావు. వాళ్లెవరూ చెప్పలే. నా బిడ్డ ఇంట్లోనే అడిగి తినేది కాదు. తిండికి కక్కుర్తి పడి సచ్చిపోయిందని రాసినారు. జాతరకు ముందే దానికి జరం వచ్చిండె. ఆ మాట కొట్టేసేదాకా నేను ఊరుకోను. యాడికి పోవల్లో చెప్పు, పోదాం."

నష్టపరిహారం గురించి తిమ్మక్క ఏనాడూ అడగలేదు. ఆ ఒక్క వాక్యం కొట్టేయమని అడిగింది. దానికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. జిల్లా అవతలి కొస నుంచి గౌస్‌బీ గారు సెలవు పెట్టి వచ్చేవారు, పల్లె నుంచి తిమ్మక్క కూలి మానుకుని వచ్చేది, ఇద్దరూ అనంతపురం బస్టాండులో కలుసుకుని కార్యాలయాలకు నడిచేవారు. ఒక చోట తిమ్మక్క వాంగ్మూలం నమోదు చేశారు. జరం వచ్చిండె అని ఆమె చెబితే, గుమాస్తా జ్వరం వచ్చినది అని టైపు చేశాడు. ఎప్పుడు వచ్చిందో ఎగిరిపోయింది. గౌస్‌బీ గారు ఆ కాగితం మీద తిమ్మక్కను వేలిముద్ర వేయనివ్వలేదు. జాతరకు ముందే వచ్చి యున్నది అని మళ్లీ కొట్టించేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలలేదు. ఆ రోజు కేకలు కింది అంతస్తుకు వినిపించాయట. అందుకు మరో సంజాయిషీ నోటీసు వచ్చింది.

రెండు వేల ఇరవై ఒకటి సెప్టెంబరులో రెండో విచారణ ముగిసింది. మరణానికి కలుషిత నీరు కారణమని, జాతర తినుబండారాల ప్రస్తావనను తొలగించడమైనదని రెండు పంక్తుల ఉత్తర్వు వచ్చింది. తిమ్మక్క దానిని గౌస్‌బీ గారి చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి రవికలో పెట్టుకుని, బస్సెక్కి వెళ్లిపోయింది. వార్డెన్ గారు అప్పటికే పూలమాలలతో, శాలువాలతో పదవీ విరమణ చేసి ఉన్నారు. ఆ సందర్భంగా వెలువడిన సంచికలో వారిని విద్యార్థినుల పాలిట కన్నతల్లి అని రాశారు. ఆ సంచిక ఈనాటికీ మా గ్రంథాలయంలో ఉంది. దానిని ఎవరూ కొట్టేయలేదు.

గౌస్‌బీ గారి శిక్ష కూడా ఎవరూ కొట్టేయలేదు. అప్పీలు చేసుకుంటే రద్దవుతుందని సంఘం నాయకులు చెప్పారు. ఆమె చేసుకోలేదు. మిగతావాళ్లకు పడకపోవడం అన్యాయమనీ, తనకు పడటం అన్యాయం కాదనీ చెప్పి ఊరుకున్నారు.

సాధారణ బదిలీలలో రెండు వేల పంతొమ్మిదిలోనే వారు మా కళాశాలకు తిరిగివచ్చారు. రోజుకు అయిదు వాక్యాలు మళ్లీ మొదలయ్యాయి. ఒక్కటే మారింది. ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు చదివేవారు. మొదటిసారి కలం మూత తీయకుండా. వెనుక బెంచీలో కూర్చున్నాను, నాకేమీ కనబడలేదు అని ప్రణీత్ అనే పిల్లవాడు రాస్తే, క్రియ దిద్దక ముందే అతన్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. శుక్రవారం మధ్యాహ్నం వసతిగృహానికి పోయి నేలతొట్టి మూత ఎత్తించి చూసేవారు. అది వారి పని కాదని కొత్త వార్డెన్ గారు పై అధికారులకు రాశారు. అయినా ప్రతి శుక్రవారం పోతూనే ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేని ఈ ఆఖరి ఏడాది కూడా ఆ తొట్టి దగ్గరికి నడిచారు.

పదకొండు సంతకాల కాగితం ఆ ఫైలులో ఇంకా ఉంది. రెండో విచారణ దాని జోలికి పోలేదు. సునంద, ఆరీఫా రాసినవి కల్పిత వాక్యాలని అది ఇప్పటికీ చెబుతూనే ఉంది. సంతకాలు చేసినవారిలో ఇద్దరు గతించారు, ఆరుగురు పదవీ విరమణ చేశారు. మిగిలిన ముగ్గురిలో ఒకడు ఈ నెల మొదట్లో పై అధికారులకు ఒక లేఖ రాశాడు. ఆనాడు తాను పెట్టిన సంతకం అబద్ధమని, ఆ వాక్యాన్ని సోమవారం నాడు దిద్దుతుండగా తాను చెవులారా విన్నానని, ఇందుకు తగిన చర్యకు సిద్ధంగా ఉన్నానని రాసి, పంపే ముందు గౌస్‌బీ గారికి చూపించాడు.

వారు నిదానంగా చదివారు. సంతకాలు పెట్టిన తేదీ దగ్గర ఆగి కలం తీశారు.

"ఇరవై ఎనిమిది కాదు ఓబుళేసూ. ఇరవై తొమ్మిది, గురువారం."

తేదీ దిద్ది లేఖ తిరిగి ఇచ్చారు.  మంచి పని చేశావని గానీ, ఇన్నాళ్లు ఎందుకు చేయలేదని గానీ అనలేదు. లేఖ మరునాడు రిజిస్టరు పోస్టులో వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు.

ఇకపై వారు సోమందేపల్లెలో కుమార్తె సమీనా దగ్గర ఉంటారని తెలిసింది. షఫీవుల్లా గారితో కలిసి వారు సుఖంగా ఉండాలని, మోకాళ్ల నొప్పులు తగ్గి ఎక్కడికి పోవాలనుకుంటే అక్కడికి నడిచి పోగలగాలని, కంటిచూపు, కంఠస్వరం రెండూ తగ్గకుండా నిండు నూరేళ్లు జీవించాలని కళాశాల పక్షాన మనసారా కోరుకుంటున్నాము. ఈ వ్యాసకర్త కోరిక మాత్రం పూర్తిగా స్వార్థంతో కూడినది. వారిని క్షమించమని అడగడానికి తగిన అర్హత అతనికి ఇంకా రాలేదు. రావడానికి చాలా ఏళ్లు పట్టేటట్టుంది. అన్నేళ్లూ ఆమె ఆరోగ్యంగా ఉండాలి.

— ఓబుళేసు, పౌరశాస్త్ర అధ్యాపకుడు